కొరికిన సెల్లు

మొన్న ఇంటికి రంగులు వేయిస్తుంటే మా నాయన ట్రంకుపెట్టె జరపాల్సి వచ్చింది. దాని అడుగు తుప్పుతిని చిల్లులు పడి ఉంది. జరపగానే సగం సామాను నేల మీదికి జారింది. ఖాకీ చొక్కాలు రెండు, రిటైరైననాడు ఆఫీసువాళ్లు కప్పిన శాలువా, గోదావరి నీటిమట్టాలు రాసుకున్న నోటుబుక్కు ఒకటి. రెండో ఖాకీ చొక్కా మాత్రం మూటలాగా చుట్టి, పైన నవారు ముక్కతో బిగించి కట్టి ఉంది. బరువుగా ఉంది. విప్పితే టార్చిలైటు. మూడు సెల్లు పట్టే పొడుగు టార్చి, మూతి దగ్గర నొక్కుపడి ఉంది. దాన్ని చూసి నేను అక్కడే చతికిలబడ్డాను. ఎందుకంటే ఆ టార్చి మా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. నాకు పదిహేడేళ్లప్పుడు ఒక వరద రోజున అది గోదావరిలో పడి కొట్టుకుపోయింది. ఆ మాట మా నాయన మా అమ్మకు చెప్పాడు, నాకు చెప్పాడు, జీపులో వచ్చిన ఆఫీసరుకు చెప్పి కాగితం మీద సంతకం కూడా పెట్టాడు.

వెనక మూత తిప్పబోతే కదల్లేదు. మరచుట్టూ కొబ్బరినూనె పోసి, నానడానికి కిటికీ దగ్గర నిలబెట్టాను. నాయన మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. ఆయనకిప్పుడు ఎనభై ఆరు. పక్కగదిలో మా మనవరాలు గిటార్ మీద ఏదో పాటలోని సోలో నేర్చుకుంటోంది. ఫోన్లో పాట వేగం సగానికి తగ్గించుకుని వింటుంది. వేగం తగ్గినా స్వరం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈ సదుపాయం చూసినప్పుడల్లా నాకు కడుపుమంట. మా కాలంలో టేపు నెమ్మదిస్తే స్వరం కూడా కిందికి జారేది. అలా జారడం వల్ల నేను పడ్డ పాట్లు ఆ పిల్లకు చెబితే నవ్వింది. నవ్వు రాని సగం ఆమెకే కాదు, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో మేం దుమ్ముగూడేనికి కొంచెం దిగువన, గోదావరి ఒడ్డున, గవర్నమెంటు క్వార్టర్లో ఉండేవాళ్లం. క్వార్టరంటే రెండు గదులు, వెనక వంటపాక. మా నాయనది నీటిమట్టం చూసే ఉద్యోగం. రేవు మెట్ల పక్కన రాతికి తెల్లరంగుతో అడుగులూ అంగుళాలూ గీసి ఉండేవి. మామూలు రోజుల్లో మూడు పూటలా వెళ్లి నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చూసి రాసుకుని, ఆఫీసులో వైర్‌లెస్ మనిషికి చెప్పేవాడు. వరద రోజుల్లో గంటగంటకూ వెళ్లాలి. రేవుకు పోయేముందు గుడికి పోతున్నట్టు కాళ్లు కడుక్కునేవాడు. చొక్కా గుండీలు అన్నీ పెట్టుకునేవాడు. నీళ్లు పెరిగేటప్పుడు రేవులో చప్పుడు మారుతుందని, ఇంట్లో అన్నం తింటూనే చెవి అటువేసి, 'రెండంగుళాలు ఎక్కింది' అనేవాడు. వెళ్లి చూస్తే రెండంగుళాలే. ఆయన గొప్పగా చెప్పుకునే సంగతి ఒక్కటే. తన సర్వీసు పుస్తకంలో ఎర్రసిరా చుక్క లేదు. ఆఫీసు ఇచ్చిన టార్చి తలుపు పక్కన మేకుకు వేలాడేది. దాని జోలికి మా అమ్మ కూడా పోయేది కాదు.

మిగతా ఇల్లంతా సెల్లకు కరువే. ఆ వైపు ఇళ్లన్నిటిలో ఇదే సంగతి. రేడియోలోనో టేపులోనో సెల్లు అయిపోతే ఎవరూ పారేసేవాళ్లు కాదు. ఎండకు పెడితే మళ్లీ కొంచెం ప్రాణం వస్తుంది. వేసవిలో మా అమ్మ చాప మీద ఇప్పపువ్వు ఎండబోసి, దాని అంచున సెల్లు వరసగా పేర్చేది. ఇప్పపువ్వు మత్తువాసన, కాగిన సెల్లు వదిలే పుల్లటి ఇనుప వాసన కలిసి వచ్చేవి. ఈనాటికీ ఎక్కడైనా ఇప్పపువ్వు కనిపిస్తే నా నోట్లో ఆ ఇనుప రుచే వస్తుంది. వానాకాలం ఎండ దొరకదు కనక సెల్లు పొయ్యిగట్టు మీదికి చేరేవి. వేడికి కూడా లేవకపోతే పంటితో నడుం మీద గట్టిగా కొరకాలి. కొరికితే ఇంకో అరగంట నడుస్తాయి. నాకు చిన్నప్పుడు సైకిలు మీంచి పడి ముందుపన్ను సగం విరిగింది. నేను కొరికిన సెల్లు మీద ఒక లోతు గంటు, పక్కన ఖాళీ, మళ్లీ ఒక గంటు పడేవి. 'ఇది మా సత్తెం కొరికిన సెల్లు, వేరే సాక్ష్యం అక్కర్లే' అని మా అమ్మ నవ్వేది.

గిటార్ నాకు జానీమియా సాబ్ దగ్గర దొరికింది. ఆయన భద్రాచలంలో దర్జీ. ఇంటర్ చదవడానికి నేను రోజూ బస్సులో భద్రాచలం పోయేవాణ్ని. సాయంత్రం తిరుగు బస్సుకు గంటన్నర వ్యవధి. బస్టాండు వెనక ఆయన కొట్టు. వారమంతా చొక్కాలు కుట్టేవాడు, పెళ్లిళ్లకు మాత్రం ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయించేవాడు. హార్మోనియం ఒకరు, డోలక్ ఒకరు, పాడేవాళ్లిద్దరు, గిటార్ ఈయన. కొట్టులో గుడ్డ తానుల పైన గిటార్ వేలాడుతుండేది. నేను వీధిలో నిలబడి దాన్నే చూస్తుండేవాణ్ని. నాలుగు నెలలు అలా చూశాక ఒకరోజు ఆయనే మిషను ఆపి, 'చూసుడేనా, లోపటికొస్తవా?' అన్నాడు.

ఆయన నేర్పే పద్ధతి దర్జీ పద్ధతి. తీగలు మీటడానికి, చొక్కా కాలర్ నిలబడేందుకు లోపల పెట్టే ప్లాస్టిక్ ముక్క ఇచ్చాడు. సోలోను మొదటినుంచి చివరిదాకా వాయించనిచ్చేవాడు కాదు. 'ముందుగాల కచ్చా కుట్టు ఎయ్యాలె బేటా. దూరం దూరం పెద్ద టాకాలు. ఏ సోలోలనైనా గట్టి స్వరాలు ఏడెన్మిదే ఉంటయ్. అయ్యి పట్టుకో. నడిమిట్లయి తర్వాత కుట్టుకుందువు' అనేవాడు. నేను వినేవాణ్ని కాదు. నాకు అన్ని స్వరాలూ ఒకేసారి కావాలి. వేళ్ల చివర్లు పుండ్లయి అన్నం కలుపుకోడానికి మంటపుట్టేది. మా అమ్మ చూసి చెంచా ఇస్తే, ఆ చెంచాతో తినడం కూడా నాకు గొప్పగానే ఉండేది.

ఆ వేసవిలో మిషను సూది జానీమియా ఎడమచేతి చూపుడువేలి గోటిలోంచి దిగిపోయింది. చీముపట్టి, దవాఖానాలో వేలి కొస తీసేశారు. కట్టుకట్టిన చేతిని చూపించి, 'ఈ చేతితోని చొక్కా కుట్టొచ్చు, సోలో వాయించలేం' అన్నాడు. శ్రావణంలో ఒక పెళ్లికి ప్రోగ్రాం ఒప్పుకొని ఉన్నాడు. పెళ్లివాళ్లు ఒక సినిమా పాట తప్పకుండా కావాలన్నారు. ఆ పాటలో రెండో చరణానికి ముందు అందరూ ఆగిపోతారు, గిటార్ ఒక్కటే మోగుతుంది. అరనిమిషం కూడా ఉండదు. 'గా అరనిమిషం నువ్వు వాయిస్తే గిటార్ నీ దగ్గర్నే ఉంటది, ఆర్కెస్ట్రాల జాగా నీది. రాకపోతే హార్మోనియమాయన మేనల్లుడు కొత్తగూడెంల ఉన్నడు, ఆ పిల్లగానికి పోతది. నా దగ్గర ఉన్నది ఒక్కటే గిటార్, బేటా. మొహమాటం లేదు' అన్నాడు. పాట ఉన్న క్యాసెట్టు ఇచ్చాడు. తీగలు శ్రుతిచేసి, గిటార్ తలదగ్గర తీగలు బిగించే చెవులు చూపించి, 'ఎవ్వరు చెప్పినా వీటిని తిప్పకు' అన్నాడు.

గిటార్ వీపున వేసుకుని ఇంటికి వచ్చిన ఆ సాయంత్రం నుంచి నాకు ఈ లోకంలో కావలసింది అదొక్కటే అయింది. అది నా దగ్గర ఉండిపోవాలి. ఆ మేనల్లుణ్ని నేను చూడను కూడా లేదు, అయినా నిద్రలో అతని వేళ్లు కనబడేవి. మా నాయన గిటార్‌ను 'ఆ పెట్టె' అనేవాడు. వద్దనలేదు. 'గోదారి పెరిగే వేళ మాత్రం మోగించకు, నాకు నీళ్ల చప్పుడు వినబడాలె' అన్నాడు, అంతే.

శ్రావణం రానే వచ్చింది, గోదావరి పెరగనే పెరిగింది. మొదటి గాలివానకే కరెంటు స్తంభాలు పడిపోయాయి. భద్రాచలం రోడ్డు మీదికి వాగులు వచ్చి బస్సులు ఆగాయి. నేను ఇంట్లో ఇరుక్కుపోయాను. సత్తుపల్లి నుంచి మా మేనమామ తెచ్చిచ్చిన పాత టేప్‌రికార్డరుకు నాలుగు సెల్లు కావాలి. ఇంట్లో ఉన్నవన్నీ అప్పటికే ఎండలో, పొయ్యిగట్టు మీద నానాచాకిరీ చేసి వచ్చినవి. నిండుప్రాణంతో ఉన్న సెల్లు ఇంట్లో మూడే. అవి టార్చిలో ఉన్నాయి. వరద మొదలుకాగానే ఆఫీసు కొత్తవి ఇచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటి కొలత చూసి వచ్చి నాయన గోడకు ఆనుకుని కునికాడు. నేను మేకు మీంచి టార్చి తీశాను. కొత్త సెల్లు మూడూ, పాతది ఒకటీ టేపులో వేసి, నేను కొరికిన సెల్లు మూడు టార్చిలో పెట్టి, మళ్లీ మేకుకు తగిలించాను. నాలుగు, అయిదు, ఆరింటి కొలతలకు వెలుతురు ఉంటుంది, టార్చితో పని లేదు, ఏడింటిలోపు మార్చేద్దామనేది నా లెక్క. టేపు చక్కగా తిరిగింది. పాట నిటారుగా వినిపించింది. నాయన మాట మరిచిపోయి, వెనక వంటపాకలో కూర్చుని తీగల మీద చెయ్యి ఆనించి సన్నగా వాయించాను. అన్నీ వచ్చాయి, చివరి నాలుగు స్వరాలు మాత్రం రాలేదు. వాటికోసం చిటికెనవేలు ఎంతో దూరం సాగాలి. మళ్లీ వెనక్కి తిప్పడం, మళ్లీ వినడం. మబ్బుల మూలంగా ఎప్పుడు చీకటిపడిందో తెలియలేదు. ముందుగదిలో నాయన గొంగడి దులుపుతున్న చప్పుడైంది. తర్వాత మేకు మీంచి టార్చి తీసిన చప్పుడు.

అప్పుడు పిలవాలి. 'నాయినా, ఆగు' అంటే చాలు. నా వేలు టేపు మీట మీద ఉంది. పిలిస్తే సెల్లు ఇచ్చెయ్యాలి, ఇచ్చేస్తే చివరి నాలుగు స్వరాలు ఆగిపోతాయి, దొంగతనం కూడా బయటపడుతుంది. పది నిమిషాల పనే గదా, కొరికిన సెల్లు పది నిమిషాలు ఆగుతాయని నాకు నేనే చెప్పుకున్నాను. తలుపు మూసుకుంది. నేను పిలవలేదు. మీట నొక్కాను. ఆ చివరి నాలుగు స్వరాలు అప్పుడే, సరిగ్గా అప్పుడే, నా చేతికి వచ్చాయి.

రేవుకు పోయి రావడానికి నాయనకు పన్నెండు నిమిషాలు పట్టేది. పావుగంటైంది. ఇరవై నిమిషాలైంది. వాన పెంకుల మీద దంచుతోంది. మా అమ్మ పప్పుగిన్నె దించి, 'ఏందిరా, ఇంక రాకపాయె?' అంది. లాంతరు తీసుకుని ఇద్దరం పరుగెత్తాం. గాలికి లాంతరు ఒకసారి ఆరిపోతే ఆమె కొంగు చాటున మళ్లీ వెలిగించింది. రేవు మెట్ల సగంలో నాయన కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి గొంగడి లోపల గుండెకు అదుముకున్నాడు. నీళ్లు ఆయన పాదాలకు రెండు మెట్ల కిందున్నాయి, ఎర్రగా, నురగతో, అమిత వేగంగా. చుట్టూ ఏమీ కనబడని ఆ చీకట్లో కిందమెట్టు అనుకుని లేనిమెట్టు మీద కాలు వేశాడట.

'టార్చి ఏదయ్యా?' అంది అమ్మ.

'గోదాట్ల పడ్డది' అన్నాడు.

నాకు మొదట కలిగింది బాధ కాదు, ఊరట. సాక్ష్యం నీళ్లలో పోయింది. ఈ వాక్యం రాయడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. ఇంటికి వచ్చాక అమ్మ తడిసిన గొంగడి తీయబోతే నాయన తీయనివ్వలేదు. లోపలిగదిలోకి తానే వెళ్లి, కాసేపటికి పొడిబట్టలతో వచ్చాడు. నొప్పివల్ల విసుక్కుంటున్నాడనుకున్నాం. మణికట్టు విరిగింది. పొరుగు క్వార్టరాయన వెదురు బద్దలు పెట్టి కట్టుకట్టాడు. మర్నాడు తెల్లవారుతూనే నేను ఆ కొత్త సెల్లు మూడూ పట్టుకెళ్లి గోదావరిలోకి విసిరేశాను. ఇంక మంచి సెల్లు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ వయసులో ప్రాయశ్చిత్తం అంటే నాకు అంతే తెలుసు.

ఏడింటిది, ఎనిమిదింటిది రెండు కొలతలు పైకి వెళ్లలేదు. నీళ్లు మా ఊళ్లోకి రాకుండానే తీశాయి కనక ఎవరికీ ఏమీ కాలేదు, కానీ నాలుగోరోజు జీపు వచ్చింది. ఆఫీసరు మా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

'కొత్త సెల్లు ఇచ్చినం కద. లైటు ఎట్ల ఆరింది?' అన్నాడు.

'ఆరలే సార్. చేయి జారింది. టార్చి గోదాట్ల పోయింది.'

'అంటే నీ అజాగ్రత్తనే అన్నట్టు.'

'అవ్ సార్' అన్నాడు మా నాయన.

సర్వీసు పుస్తకంలో ఆ మాట ఎర్రసిరాతో ఎక్కింది. అన్నం తింటూ రెండంగుళాలు వినగలిగే మనిషికి అజాగ్రత్త అని రాశారు. తలుపు వెనక నేను పళ్లు బిగబట్టి నిలబడ్డాను. బయటికి రెండడుగులు వేస్తే సరిపోయేది. వేయలేదు. ఆయన చెయ్యి కట్టుతో ఉన్నన్నాళ్లూ నేను రేవుకు వెంట వెళ్లి కొలత రాసేవాణ్ని. ప్రతి మెట్టు దగ్గరా, ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని ఎదురుచూసేవాణ్ని. ఆయన ఒకే మాట అనేవాడు. 'చూపు నీళ్ల మీద కాదు, మెట్టు మీద పెట్టు.'

కాలేజీలో పల్లపు ఊళ్ల వరదబాధితులను ఉంచారు కనక భద్రాచలం పోయే పనిలేదు. ఆర్కెస్ట్రావాళ్లు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు, కలిసి వాయించి చూసుకోవడం కుదరలేదు. నేను పొయ్యిగట్టు మీద కాచిన సెల్లతో, కొరికిన సెల్లతో పాట విన్నాను. ఇప్పుడు గిటార్‌కీ టేపుకీ శ్రుతి కలవడం మానేసింది. నా తీగలు కొంచెం పైన మోగుతున్నాయి. ఆ వానలకు మా తలుపులన్నీ ఉబ్బి మూతపడకుండా పోయాయి. గిటార్ కొయ్య కూడా అలాగే ఉబ్బి తీగల్ని బిగలాగిందని తేల్చుకున్నాను. జానీమియా ముట్టొద్దన్న చెవులు తిప్పి, తీగలు వదులుచేసి, టేపుతో సరిగ్గా కలిపాను. ఎంత జాగ్రత్తగా కలిపానంటే, తప్పు చేస్తున్నానని దేవుడొచ్చి చెప్పినా నమ్మకపోదును. సెల్లు నీరసించి టేపే కిందికి జారిందని నాకు తట్టలేదు.

పెళ్లినాటికి బస్సులు తిరిగాయి. నాయన కూడా నాతో భద్రాచలం వచ్చాడు, దవాఖానాలో చెయ్యి చూపించుకోవాలని. పందిట్లో ఒకపక్క మధ్యాహ్నం భోజనాలు సాగుతున్నాయి. వేదిక ముందు వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు కూర్చున్నాడు. అడగకుండానే తెలిసింది, మేనల్లుడు. నేను గిటార్ తీసి కూర్చున్నాను. హార్మోనియమాయన స్వరం నొక్కాడు. నేను తీగ మీటాను. రెండూ కలవలేదు. నాది సరిగ్గా ఒక మెట్టు కింద ఉంది. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే ఇత్తడి కమ్మీలను మేం మెట్లే అంటాం.

జానీమియా వేదిక మీదికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. 'చెవులు ఎవ్వడు తిప్పిండు?'

'నేనే సాబ్. టేపుతోని కలవలే. వానకు కొయ్య ఉబ్బిందనుకున్న.'

'టేపుల ఏం సెల్లు ఏసినవ్?'

'కొరికినయ్.'

ఆయన కళ్లు మూసుకుని తెరిచాడు. తిట్టలేదు. ఆయన ఇంట్లో కూడా సెల్లు కొరికేవాళ్లే. తీగ బిగించబోయాడు. సన్నతీగ కిర్రుమంది. చెయ్యి తీసేశాడు. 'తుప్పుపట్టినయ్. బిగిస్తే తెగుతయ్. ఇంకో తీగ కావాలంటే హైదరాబాదు పోవాలె.' హార్మోనియమాయన వంగి, 'మావోనికి ఇయ్యరాదా సాబ్' అన్నాడు. ముందు వరసలో ఇస్త్రీ చొక్కా లేచి నిలబడింది. గిటార్ లాక్కుంటే ఇచ్చేద్దామనే అనుకున్నాను, నాకది దక్కే హక్కు లేదని ఆ క్షణాన నిజంగా అనిపించింది. జానీమియా మాత్రం ఆయనతో, 'ఇంకొక పాట నడిపియ్. దీని తర్వాత గా పాట' అని, చెవి మీది పెన్సిలు తీశాడు. కొలతలు రాసుకునే పెన్సిలు అది. మొదటి మెట్టు వెనక, తీగలన్నిటి మీద అడ్డంగా పెట్టాడు. జేబులోంచి లంగాలకు వేసే ఎలాస్టిక్ ముక్క తీసి, పళ్లతో ఒక కొస పట్టుకుని, గిటార్ మెడచుట్టూ నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు. ఇప్పుడు తీగలన్నీ పెన్సిలు దగ్గర్నుంచి మోగుతాయి, ఒక మెట్టు పైకి. 'అన్నీ ఒక మెట్టు జరిపి పట్టు. జల్దీ చెయ్యకు' అన్నాడు. అంతలో అవతలి పాట అయిపోయింది.

మా పాట మొదలైంది. నేను నేర్చుకున్నదానికంటే ఎంతో వేగంగా ఉంది. రెండు వారాలు నీరసపు టేపుతో సాధన చేసినవాడికి నిజం వేగం ఎలా తెలుస్తుంది? మొదటి చరణం అయిపోయింది. అందరూ ఆగిపోయారు. పందిట్లో విస్తళ్ల చప్పుడు వినబడింది. నేను మొదటి స్వరం మీటాను. రెండోది, మూడోది వచ్చాయి. నాలుగో దగ్గర వేళ్లు వెనకబడ్డాయి, డోలక్ ఆయన నన్ను చూస్తున్నాడు. మధ్యలోవి వదిలేశాను. అన్నీ కావాలని మంకుపట్టు పట్టినవాణ్ని, అన్నీ వదిలేసి ఆ ఏడెనిమిది గట్టి స్వరాలు మాత్రం పట్టుకున్నాను. దూరం దూరం, పెద్ద టాకాలు. చివరి నాలుగు మాత్రం వదలలేదు. వదలడానికి మనసొప్పలేదు. అవి ఏ ధరకు వచ్చాయో నాకు తెలుసు. చిటికెనవేలు సాగింది, నాలుగూ పలికాయి, పాడేవాళ్లు అందుకున్నారు.

పెళ్లివాళ్లకు తేడా తెలియలేదు. జానీమియాకు తెలిసింది. ఎలాస్టిక్ విప్పి పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకుంటూ, 'కచ్చా కుట్టుతోనే చొక్కా తొడిగినవ్' అన్నాడు. నేను తలవంచుకున్నాను. 'తీస్కపో. తీగలు తెప్పిస్త. పక్కా కుట్టు వచ్చేనెల చూద్దం' అన్నాడు. గిటార్ నాదైంది. ఏడుపొచ్చింది. జానీమియా చొక్కా భుజంలో మొహం పెట్టుకుని ఏడ్చాను, అందరూ సంతోషం అనుకున్నారు.

తిరుగు బస్సులో నాయన కిటికీ పక్క కూర్చున్నాడు. పందిటి చివర నిలబడి విన్నాడట. బస్సు ఊరు దాటాక, 'ఇంట్ల వాయించినప్పుడు గింత తొందర లేకుండె' అన్నాడు. తర్వాత, 'ఇయ్యాల జర పైకి వినొచ్చింది. ఇంట్ల కిందికుండె' అన్నాడు. కొలిచే మనిషి, ఆయన ముందు ఏది దాగుతుంది. 'టేపుల సెల్లు మంచియి కాదు నాయినా' అన్నాను. అంతవరకే వచ్చింది నోటికి. ఆయన నా మొహంలోకి చూశాడు. 'ఊ' అని, మళ్లీ గోదావరి వైపు తిరిగాడు.

పదకొండేళ్లు వాయించాను ఆ ఆర్కెస్ట్రాలో. సత్తుపల్లి, తల్లాడ, కొత్తగూడెం, ఎన్నో పందిళ్లు. జానీమియా పోయాక మానేశాను. ఇప్పుడు మా మనవరాలికి ఆన్‌లైన్లో పాఠం చెప్పే గురువులు ముగ్గురు. తీగ తెగితే సాయంత్రానికి ఇంటికి వస్తుంది. శ్రుతి తప్పితే ఫోనే చెబుతుంది, పైన ఉన్నావు, కింద ఉన్నావు అని. మంచిదే. నేర్చుకోవడం కోసం ఇంకొకరి చేతిలోని వెలుతురు తీసుకోవలసిన అవసరం ఆ పిల్లకు లేదు. నేను ఆమెను ఎన్ని మాటలన్నా లోపల సంతోషపడేది అందుకే.

సాయంత్రానికి మూత కదిలింది. నాయన లేచి మంచం మీద కూర్చుని నేను తిప్పడం చూస్తున్నాడు. టార్చిని గుడ్డ మీద బోర్లించి తడితే తెల్లని పొట్టు రాలింది. రెండు సెల్లు ఉబ్బి గొట్టానికి కరుచుకుపోయాయి. మూడోది జారి బయటికొచ్చింది. కళ్లజోడు పెట్టుకుని వెలుతురుకు పట్టి చూశాను. నడుం మీద ఒక లోతు గంటు. పక్కన ఖాళీ. మళ్లీ ఒక గంటు.

'నీకెప్పుడు తెలిసింది నాయినా?'

ఆయన చెయ్యి చాపాడు. సెల్లు ఇచ్చాను. విరిగి వంకరగా అతుక్కున్న ఆ మణికట్టు మీద చర్మం పలచబడింది. బొటనవేలితో గంటు తడిమాడు. 'మెట్టు మీదనే. లైటు ఆరంగనే విప్పి తడిమిన. గిట్లనే తెలిసింది.'

'మరి ఎందుకు అడగలే? ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న.'

'అడిగితే నువ్వు అబద్ధం ఆడుదువు' అన్నాడు. 'అప్పటికే నేనొకటి ఆడిన. ఇంట్ల ఒక్కటి చాలనుకున్న.'

నేను గుడ్డ కొసలు పట్టి రాలిన పొట్టంతా మూటగట్టాను. తర్వాత, 'తప్పయింది నాయినా' అన్నాను.

'ఏంది?' అన్నాడు, చెవి ముందుకు పెట్టి.

ఆయనకు ఈమధ్య సరిగా వినబడదు. గట్టిగా, ఇల్లంతా వినబడేట్టు, 'తప్పయింది నాయినా' అన్నాను. పక్కగదిలో గిటార్ ఆగిపోయింది.

'మొదటిసారే వినబడ్డది' అన్నాడు మా నాయన.